వేసవి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: వెతకడం దగ్గర్నుంచి చివరి రిపోర్ట్ దాకా

వేసవి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అంటే మామూలుగా ఎనిమిది నుంచి పది వారాలు. వినడానికి చాలా టైమే ఉన్నట్టుంటుంది గానీ, ఒకసారి లెక్క వేసి చూడండి. ల్యాబ్‌లో ఏ పరికరం ఎలా వాడాలో, ఎవరి కోడ్ ఎక్కడుందో తెలిసేసరికి రెండు వారాలు గడిచిపోతాయి. చివరి వారం రిపోర్ట్‌కీ ప్రెజెంటేషన్‌కీ పోతుంది. అసలు పనికి మిగిలేది ఐదు నుంచి ఏడు వారాలే. మీ అప్లికేషన్ చూసే ప్రొఫెసర్ బుర్రలో తిరిగే లెక్క కూడా ఇదే. ఈ కొద్ది వారాల్లో ఒక చిన్న పని మొదలుపెట్టి ముగించగలరా, లేక వీళ్లకు నేర్పించడానికే నా పీహెచ్‌డీ విద్యార్థుల వేసవి అంతా ఖర్చయిపోతుందా అన్నది ఆయన మొదటి ప్రశ్న. మీకు ఎంత తెలుసు అన్నది ఆ తర్వాతి సంగతి. మార్కులు మిమ్మల్ని లిస్టులోకి తెస్తాయి, అంతవరకే.

ఆ మొదటి ప్రశ్నకు జవాబు ముందుగానే తయారుచేసుకోవడం ఎలాగో చూద్దాం.

1. ముందు క్యాలెండర్ తెరవండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సెమిస్టర్ పరీక్షలయ్యాక వేసవి గురించి ఆలోచిద్దాంలే అనుకుంటారు. అప్పటికి తలుపులన్నీ మూసేసి ఉంటాయి. కెనడాలోని మైటాక్స్ సంస్థ నడిపే గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్‌కి వచ్చే వేసవి కోసం ముందటి సంవత్సరం సెప్టెంబర్‌లోనే గడువు ముగుస్తుంది. భారత విద్యార్థులను జర్మనీ యూనివర్సిటీలకు రప్పించే వైజ్ స్కాలర్‌షిప్ (జర్మనీ విద్యార్థి మార్పిడి సంస్థ డాడ్ ఇచ్చేది) గడువు అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో పడుతుంది. స్విట్జర్లాండ్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ సమ్మర్ స్టూడెంట్ ప్రోగ్రామ్‌కి జనవరి చివర, అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ వేసవి ప్రోగ్రామ్ సర్ఫ్‌కి ఫిబ్రవరి. అమెరికాలో డిగ్రీ విద్యార్థులను పరిశోధనలో చేర్చుకునే ఆర్ఈయూ సైట్లు చాలావరకు జనవరి నుంచి మార్చి లోపు ముగించేస్తాయి. ఇవి ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి, ఆ ఏడాది ప్రకటన చూసే తేదీ రాసుకోవాలి.

ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి. ప్రోగ్రామ్ పేరు, గడువు, అర్హత, కావలసిన రికమెండేషన్ లెటర్లు, స్టైపెండ్ ఉందా లేదా, ప్రయాణం ఖర్చు ఎవరిది. ఈ ఆరు గళ్లు చాలు. గడువు తేదీ పక్కనే దానికి మూడు వారాల ముందు తేదీ ఒకటి వేసుకోండి. లెటర్ అడగాల్సిన రోజు అది.

2. ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో తెలుసుకోండి

ప్రోగ్రామ్‌ల పేర్లు వందల్లో ఉన్నా, లోపలికి వెళ్లే దారులు నాలుగే.

మొదటి రకంలో మీరు ఒక కేంద్ర అప్లికేషన్ పెడతారు, వాళ్లే మిమ్మల్ని ఒక గైడ్‌తో జత చేస్తారు. 1962 నుంచి నడుస్తున్న సెర్న్ ప్రోగ్రామ్ ఈ రకం. దానికి వేసవి నాటికి కనీసం మూడేళ్ల యూనివర్సిటీ చదువు పూర్తయి ఉండాలి. భారతదేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా ఇంతే, రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ నడిపే వీఎస్ఆర్పీ, బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్ సంస్థ ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఈ కోవలోవే. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987లో మొదలుపెట్టిన ఆర్ఈయూ సైట్లు ఒక్కోటి సుమారు పదిమందిని తీసుకుంటాయి. కానీ ఆ డబ్బుతో అమెరికా పౌరులను, శాశ్వత నివాసులను మాత్రమే తీసుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం చదవక వారాల తరబడి అప్లికేషన్ రాసుకునేవాళ్లు ఉంటారు. అర్హత పేజీ ముందు చదవండి, ఫొటోల పేజీ తర్వాత.

రెండో రకంలో గైడ్‌ని మీరే ముందు వెతుక్కోవాలి, తర్వాతే అప్లికేషన్. 1979లో మొదలైన కాల్‌టెక్ సర్ఫ్‌లో విద్యార్థి ఒక మెంటర్‌తో మాట్లాడి ప్రపోజల్ రాయాలి. డాడ్ వైజ్‌కి కూడా జర్మనీ ప్రొఫెసర్ నుంచి ఆహ్వానం చేతిలో ఉండాలి. గడువు నవంబర్ అయితే ఈమెయిళ్లు ఆగస్టులోనే మొదలవ్వాలన్నమాట. ఇదే డాడ్ నడిపే రైజ్ వేరు. అది ఉత్తర అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ విద్యార్థులకు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది తికమక పడతారు.

మూడో రకంలో ఏ ప్రోగ్రామూ ఉండదు, నేరుగా ప్రొఫెసర్‌కి ఈమెయిల్. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

నాలుగోది మీ కాలేజీ ల్యాబే. దీన్ని చిన్నచూపు చూడటం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. డిగ్రీ విద్యార్థులను ప్రొఫెసర్ల పక్కన కూర్చోబెట్టాలని అమెరికాలోని ఎంఐటీ 1969లో యూరాప్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు అది సొంత విద్యార్థుల కోసమే. ఊరు మారనక్కర్లేదు, వీసా టెన్షన్ లేదు, వేసవి అయిపోయినా పని కొనసాగించవచ్చు. మీ సార్‌కి పబ్లికేషన్లు పెద్దగా లేకపోయినా సరే, వారానికి ఒక గంట కూర్చుని మీ పని చూస్తానంటే అది చాలా ఎక్కువ. పేరున్న సంస్థలో చేరి, ఎనిమిది వారాల్లో గైడ్ ముఖం రెండుసార్లు చూసి తిరిగొచ్చే వాళ్లకంటే మీకే ఎక్కువ దక్కుతుంది.

3. వేసవికి ముందే ఒక చిన్న పని పూర్తి చేయండి

ఈ వ్యాసంలో ఏ ఒక్క మెట్టు మాత్రమే పాటించాలని అడిగితే, ఇది పాటించండి అంటాను. "నాకు మెషీన్ లర్నింగ్ అంటే చాలా ఆసక్తి" అని అందరూ రాస్తారు. ఆసక్తిని ఎవరూ కొలవలేరు. ముగించిన పనిని మాత్రం తెరిచి చూడవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు మెకానికల్ మూడో సంవత్సరం. యంత్రంలో తిరిగే షాఫ్ట్‌ను (ఇరుసును) మోసే బేరింగ్ పాడవుతున్నప్పుడు వచ్చే కంపనాల మీద పని చేయాలనుంది. ల్యాబ్ లేదు, సెన్సర్ లేదు. ఫర్వాలేదు. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్లు కావాలనే చిన్న లోపాలు పెట్టిన బేరింగుల కంపనాల డేటాను అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఈ రంగంలో దాన్ని వాడని వాళ్లు అరుదు. అందులో లోపలి రింగుకి దెబ్బ తగిలిన బేరింగ్ ఫైల్ ఒకటి దించుకుని, పైథాన్‌లో ఎన్వలప్ స్పెక్ట్రమ్ (దెబ్బలు సెకనుకి ఎన్నిసార్లు పడుతున్నాయో చూపే గ్రాఫ్) గీయండి. షాఫ్ట్ నిమిషానికి 1797 చుట్లు తిరుగుతున్న ఫైల్ అయితే, సుమారు 162 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం లేస్తుంది. దానికి అటూ ఇటూ దాదాపు 30 హెర్ట్జ్ ఎడంలో చిన్న శిఖరాలు కనిపిస్తాయి. ఆ 30 ఎక్కడిది? షాఫ్ట్ సెకనుకి తిరిగే చుట్లు అన్ని. లోపలి రింగు షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, ఆ దెబ్బ ప్రతి చుట్టులో ఒకసారి బరువు పడే చోటికి వచ్చి పోతుంది. అందుకే ఆ పక్క శిఖరాలు.

ఇంతే పని. సెలవు రోజులు కొన్ని చాలు. కానీ ఇప్పుడు మీ చేతిలో ఒక గ్రాఫ్ ఉంది, దానికి వివరణ ఉంది, గిట్‌హబ్‌లో కోడ్ ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఇప్పుడు మీకు ఒక నిజమైన ప్రశ్న పుడుతుంది. మోటార్ వేగం మారుతూ ఉంటే ఈ శిఖరాలు చెదిరిపోతాయి కదా, అప్పుడేం చేస్తారు? ఆ ప్రశ్నే మీ ఈమెయిల్.

మిగతా సబ్జెక్టుల్లో కూడా దారి ఇదే. బయాలజీ వాళ్లు బహిరంగంగా దొరికే మైక్రోస్కోప్ చిత్రాలు తీసుకుని ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కణాలు లెక్కపెట్టవచ్చు. అదే చిత్రాన్ని చేత్తో కూడా లెక్కపెట్టి, రెండు లెక్కలకు తేడా ఎక్కడొచ్చిందో ఒక పేజీ రాయండి. ఒకదానికొకటి అతుక్కున్న కణాల దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడిందని మీరే కనిపెడతారు. మ్యాథ్స్ వాళ్లకు ఇంత కూడా అక్కర్లేదు, ఒక పేపర్‌లోని చిన్న లెమ్మాని (పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా వాడే చిన్న ఫలితాన్ని) సొంత మాటల్లో పూర్తిగా నిరూపించి రాస్తే చాలు.

పాత డేటాతో ఏముంటుందిలే అనుకోకండి. ఫాస్ట్ రేడియో బర్స్ట్ అనే కొత్త రకం సంకేతాలు ఖగోళశాస్త్రంలోకి వచ్చిందే అలా. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ 2001లో రికార్డు చేసి పక్కన పెట్టిన డేటాను వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో డంకన్ లోరిమర్ తన దగ్గరున్న డేవిడ్ నార్కెవిక్ అనే డిగ్రీ విద్యార్థికి వెతకమని ఇచ్చాడు. అందులో దొరికిన కొన్ని మిల్లీసెకన్ల మెరుపు 2007లో పేపర్‌గా వచ్చింది. ఆ తర్వాత ఆ రంగమే పెరిగిపోయింది. అందరికీ అలా దొరకదనుకోండి. కానీ డిగ్రీ విద్యార్థికి ఇచ్చే పని సరిగ్గా ఇలాంటిదే: ఓపిగ్గా, ఒక పద్ధతి ప్రకారం, ఎవరూ చూడని చోట చూడటం.

4. ఈమెయిల్ రాయడం

ప్రొఫెసర్ల ఇన్‌బాక్స్‌లో ఇలాంటివి రోజూ పడుతుంటాయి: "గౌరవనీయులైన సర్, నేను కష్టపడే తత్వం గల విద్యార్థిని. మీ విశిష్టమైన పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. మీ మార్గదర్శకత్వంలో ఎలాంటి ప్రాజెక్ట్ అయినా చేయడానికి సిద్ధం." పేరు మార్చి నూరుగురికి పంపవచ్చు, అదే దీని జబ్బు. "ఎలాంటి ప్రాజెక్ట్ అయినా" అన్నారంటే ఏ ప్రాజెక్టూ ఆలోచించలేదని అర్థం. ఈమధ్య చాట్‌జీపీటీ రాసిన పొగడ్తలు కూడా దీనికి తోడయ్యాయి. రెండు వాక్యాల్లో పసిగట్టేస్తారు.

పై బేరింగ్ విద్యార్థి ఇలా రాయవచ్చు:

"సర్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కేస్ వెస్టర్న్ డేటాలో లోపలి రింగు లోపం ఉన్న ఫైళ్లకు ఎన్వలప్ స్పెక్ట్రమ్ గీశాను. స్థిర వేగం దగ్గర శిఖరాలు స్పష్టంగా వచ్చాయి (గ్రాఫ్, కోడ్ లింక్ కింద ఇచ్చాను). వేగం మారినప్పుడు ఏం చేయాలో వెతుకుతుంటే ఆర్డర్ ట్రాకింగ్ మీద మీ పేపర్ చదివాను. అందులో టాకోమీటర్ ఉందనే అనుకున్నారు. టాకోమీటర్ లేకుండా కంపనాల నుంచే వేగం అంచనా వేసి ఆ పద్ధతి వాడటం మీ ల్యాబ్‌లో ఎవరైనా ప్రయత్నిస్తున్నారా? మే మధ్య నుంచి జులై మధ్య వరకు ఎనిమిది వారాలు పూర్తిగా ఖాళీగా ఉంటాను. వేసవి విద్యార్థిని తీసుకునే వీలుంటే చెప్పగలరు. సీవీ జతచేశాను."

(టాకోమీటర్ అంటే షాఫ్ట్ వేగం కొలిచే పరికరం, ఆర్డర్ ట్రాకింగ్ అంటే మారే వేగానికి తగ్గట్టు కంపనాలను విశ్లేషించే పద్ధతి.) చూడండి, పొగడ్త ఒక్కటీ లేదు. ఏం చేశారు, ఎక్కడ ఆగారు, ఏం అడుగుతున్నారు, ఎప్పుడు ఖాళీ, అన్నీ ఒక్క చూపులో తెలుస్తున్నాయి. సబ్జెక్ట్ లైన్ కూడా అంతే సూటిగా ఉండాలి: "వేసవి ఇంటర్న్‌షిప్: వేగం మారే బేరింగుల డేటా గురించి".

చిన్న చిన్న సంగతులు కొన్ని. కాలేజీ ఈమెయిల్ ఐడీ ఉంటే దాన్నుంచే పంపండి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఐదుగురికి ఒకేసారి పంపకండి, వాళ్లు మధ్యాహ్నం కలిసి భోంచేస్తారు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, మళ్లీ వద్దు. జవాబు రాకపోవడం మామూలే. చాలాసార్లు కారణం మీరు కాదు, డబ్బు లేకనో, చోటు లేకనో, ఆ వేసవి ఆయన ఊళ్లోనే ఉండకనో అయి ఉంటుంది. ఇంకో చిట్కా: పెద్ద ప్రొఫెసర్లకంటే కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు జవాబిచ్చే అవకాశం ఎక్కువ. ల్యాబ్ అప్పుడే కట్టుకుంటున్నారు, చేతులు కావాలి, పక్కన కూర్చుని నేర్పే ఓపికా ఉంటుంది.

5. ఎస్ఓపీ, సీవీ, రికమెండేషన్

ఎస్ఓపీలో, అంటే మీరెందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో, చిన్నప్పుడు నక్షత్రాలు చూసి మురిసిపోయిన కథ వద్దు. మొదటి పేరాలోనే మీరు చేసిన పని, అందులో తగిలిన చిక్కు. రెండోదాంట్లో ఈ ప్రోగ్రామ్‌లో ఎవరితో, ఏ ప్రశ్న మీద పని చేయాలనుకుంటున్నారో. మూడోదాంట్లో ఆ పనికి కావలసిన నైపుణ్యాల్లో మీకు ఏవి ఉన్నాయి, ఏవి నేర్చుకోవాలి. తెలియనిది తెలియదని రాయడం వల్ల నష్టం లేదు. రాని సాఫ్ట్‌వేర్ వచ్చని రాస్తే మాత్రం మొదటి వారంలోనే బయటపడుతుంది.

సీవీ ఒక పేజీ దాటనివ్వకండి. స్కూల్లో వ్యాసరచన పోటీ బహుమతులు తీసేయండి. ప్రాజెక్ట్ పేరు రాసి వదిలేయకుండా, అందులో మీ చేత్తో చేసింది ఏమిటో ఒక లైను రాయండి.

రికమెండేషన్ లెటర్ ఎవరిని అడగాలి? హోదా ఎవరిదైతే పెద్దదో వాళ్లనే అడగడం మన అలవాటు. హెచ్ఓడీ గారు సంతకం పెడతారు, కానీ మీ గురించి ఆయనకు తెలిసింది మీ రోల్ నంబరే అయితే, లెటర్ కూడా అలాగే ఉంటుంది. ల్యాబ్‌లో మీరు అడిగిన ప్రశ్న గుర్తున్న లెక్చరర్ రాసిన అరపేజీ దానికంటే బలంగా ఉంటుంది. అడిగేటప్పుడు సీవీ, ఎస్ఓపీ, మార్కుల లిస్టు, గడువు తేదీ, అప్‌లోడ్ లింక్ అన్నీ ఒకే ఈమెయిల్‌లో పంపండి. "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అనే మేడమ్‌లు, సార్లు కూడా ఉంటారు. అప్పుడు "మేడమ్, నా పని వివరాలు పాయింట్లుగా రాసిస్తాను, మీ మాటల్లో మీరు రాయండి" అని అడిగి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు.

6. ఆఫర్ వచ్చాక

డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూడండి. నిజమైన ప్రోగ్రామ్‌లు స్టైపెండ్ ఇస్తాయి, లేదా కనీసం ఉచితంగా చేర్చుకుంటాయి. సర్టిఫికెట్ కోసం, "పేపర్ పబ్లికేషన్ గ్యారంటీ" కోసం ఫీజు అడిగే ఇంటర్న్‌షిప్ పరిశోధన కాదు, వ్యాపారం. ఎనిమిది వారాల్లో పేపర్ గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు, చెబితే ఆ జర్నల్ మీదే అనుమానపడాలి.

వేరే దేశమైతే ఆహ్వాన లేఖ రాగానే వీసా పని మొదలుపెట్టండి. అమెరికాకైతే జే-1 వీసా కోసం సంస్థ పంపే డీఎస్-2019 ఫారం వచ్చాకే ఇంటర్వ్యూ స్లాట్ బుక్ చేసుకోగలరు, అక్కడే వారాలు పోతాయి. కాలేజీ నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్, ఆరోగ్య బీమా, ఉండటానికి చోటు, ఈ మూడూ ఒకేసారి నడపాలి. రెండు ఆఫర్లు వస్తే ఒకటి ఎంచుకుని, రెండోదానికి ఆ రోజే మర్యాదగా వద్దని చెప్పండి. మీరు నాన్చినన్ని రోజులూ వెయిటింగ్ లిస్టులో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు.

7. ఆ ఎనిమిది వారాలు

చేరకముందే గైడ్‌ని ఒక్కటి అడగండి: "ముందు ఏ రెండు పేపర్లు చదవమంటారు?" చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్, బొమ్మలు, ముగింపు, ఆ తర్వాతే మిగతాది. ప్రతి బొమ్మ కింద "ఇది ఏం చెబుతోంది" అని మీ మాటల్లో ఒక్క వాక్యం రాసుకోండి. రాయలేకపోయిన చోటే మీ ప్రశ్న ఉంటుంది.

మొదటి వారం లక్ష్యం ఒకటే: ఆ ల్యాబ్‌లో ఇంతకుముందే వచ్చిన ఒక ఫలితాన్ని మళ్లీ రాబట్టడం. వాళ్ల కోడ్, వాళ్ల డేటా, అదే గ్రాఫ్. రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకోవడంలోనే పరికరాల గుట్టంతా తెలిసిపోతుంది. వస్తే ఇకమీదట మీరు చేసే ప్రతి మార్పునీ పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

నోట్‌బుక్ రోజూ రాయండి. తేదీ, ఏం చేశారు, ఏ సెట్టింగులతో, ఏం వచ్చింది, రేపు ఏం చేయాలి. "ఈరోజు స్పెక్ట్రమ్ బాగా వచ్చింది" అని రాస్తే నెల తర్వాత అది మీకే అర్థం కాదు. "ఫిల్టర్ 2000 నుంచి 4000 హెర్ట్జ్, రెండో ఫైల్, శిఖరం కనబడింది; 500 నుంచి 1500కి మారిస్తే మాయమైంది" అని రాయాలి. పని చేయని ప్రయత్నాలు కూడా రాయండి, లేకపోతే ఐదో వారంలో అదే ప్రయత్నం మళ్లీ చేస్తారు.

ఎక్కడైనా ఇరుక్కుంటే ఎంతసేపు సొంతంగా కొట్టుకోవాలి? సగం రోజు పెట్టుకోండి. అప్పటికీ కదలకపోతే పక్కనున్న పీహెచ్‌డీ విద్యార్థిని అడగండి. అడిగే తీరు ముఖ్యం: ఏం చేయాలనుకున్నారు, ఏం జరిగింది, ఏమేం ప్రయత్నించారు. మొహమాటపడి మూడు రోజులు మౌనంగా కూర్చునే విద్యార్థి అంటేనే గైడ్‌లకు భయం, ప్రశ్నలు అడిగేవాళ్లంటే కాదు. కెమికల్స్, లేజర్లు, హై వోల్టేజ్ ఉన్న ల్యాబ్ అయితే ఈ సగం రోజు లెక్క వర్తించదు. తెలియని స్విచ్ ముట్టుకునే ముందే అడగాలి.

వారం వారం మీటింగ్‌కి ఒక పేజీతో వెళ్లండి: పోయిన వారం అనుకున్నది, అయింది, కానిది, ఒక గ్రాఫ్. నాలుగో వారం మీటింగ్‌లో మాత్రం గట్టిగా అడగాల్సింది ఒకటుంది: "ఇప్పుడున్న వేగంతో వెళ్తే చివరికి ఏం పూర్తవుతుంది, ఏది వదిలేద్దాం?" ఆ రోజు ప్రాజెక్ట్ సగానికి తగ్గినా బాధపడక్కర్లేదు. దాదాపు అన్నీ తగ్గుతాయి. తగ్గించుకోని వాళ్లే చివరి వారంలో నిద్ర మానేసి, సగం సగం ఫలితాలు నాలుగు పెట్టుకుని నిలబడతారు.

8. వదిలి వచ్చేటప్పుడు

రిపోర్ట్ ఆరో వారంలో మొదలుపెట్టండి. ముందు బొమ్మలు సిద్ధం చేసి, ఒక్కోదాని కింద వివరణ రాస్తే సగం రిపోర్ట్ అయిపోయినట్టే. ప్రెజెంటేషన్‌లో "ఫలితం రాలేదు" అని చెప్పడానికి సిగ్గుపడకండి. ఈ పద్ధతి ఈ కారణంగా ఇక్కడ పనిచేయదు అని ఆధారాలతో చూపించారంటే, తర్వాత వచ్చే విద్యార్థి వేసవిని మీరు కాపాడినట్టే.

కోడ్, డేటా, నోట్‌బుక్ నకలు ల్యాబ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఒక పేజీ రీడ్‌మీ రాయండి. పక్కనున్న పీహెచ్‌డీ విద్యార్థి మీ సాయం లేకుండా మీ కోడ్ నడిపి అదే గ్రాఫ్ రాబట్టగలిగారా అన్నది మీ కళ్లముందే పరీక్షించండి. ఆ డేటాను బయట పెట్టాలన్నా, పోస్టర్‌గా వేయాలన్నా గైడ్ అనుమతి తీసుకోవాలి. పేపర్ వస్తే అందులో పేరు ఉంటుందా అన్న సంగతి కూడా వెళ్లే ముందే సూటిగా, మర్యాదగా అడిగేయండి: "సర్, ఇది పేపర్‌లోకి వెళ్తే నా వంతుగా ఇంకా ఏం చేయాల్సి ఉంటుంది?" అంటే చాలు.

రికమెండేషన్ లెటర్ అడగాల్సింది కూడా అప్పుడే, మీరు చేసింది ఆయనకు బాగా గుర్తున్నప్పుడు. వెంటనే అవసరం లేకపోయినా, "వచ్చే ఏడాది అప్లై చేసేటప్పుడు అడగవచ్చా" అని ఒక మాట వేసి, మీరు చేసిన పనుల జాబితా, రిపోర్ట్ ఈమెయిల్ చేసి ఉంచండి. ఏడాది తర్వాత లెటర్ అడిగేటప్పుడు ఆ పాత ఈమెయిల్‌కే రిప్లై ఇస్తే, ఆయన మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.